కంప్యూటరు మారినది, వాడుకరి మారెనా?

రాయలసీమ మెట్టభూములలో చెనిక్కాయ పండించు రైతునకు టి.ఎం.వి. 2 అను పేరు కొత్త కాదు. తిండివనము పరిశోధన కేంద్రము ఈ వేరుసెనగ రకమును 1940లో విడుదల చేసినది. తరువాత ఎన్నియో మేలురకములు వచ్చినవి. మన పొరుగుననున్న కదిరి కేంద్రమే కొన్నింటిని రూపొందించినది. అయినను ఆ పాత విత్తనము అర్ధశతాబ్దము దాటియు మన పొలములను విడువలేదు. రైతు మూఢుడు గనుక మారలేదని పట్టణమున కూర్చుండి చెప్పుట తేలిక. తన ఇంట నిలువయున్న విత్తనము ఎండకు ఎట్లు తాళునో అతనికి తెలియును. కొత్తది వమ్మైనచో ఆ యేటి పంట నష్టపడువాడు అతడే గాని సిఫారసు చేసినవారు కారు.

కంప్యూటరు వాడుకరుల చరిత్రను పరికించునపుడు నాకు ఈ రైతే జ్ఞప్తికి వచ్చును.

కంప్యూటరును తెరచినంతనే మేలుకొని, తక్కిన పనిముట్లన్నింటికి చోటు చూపి, ఇంటికి పెద్దదిక్కువలె వ్యవహరించు ఏర్పాటునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మన యిండ్లలో, దుకాణములలో మిక్కిలి వ్యాప్తి చెందినది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైనపుడు పాశ్చాత్య నగరములలో జనులు అర్ధరాత్రి దుకాణముల ముందు బారులు తీరినారు. ఆ దృశ్యమును చూచి, కొత్తది వచ్చినపుడెల్ల లోకము ఇట్లే ఎగబడునని కొందరు తలంచినారు. జరిగినది వేరు. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్.పి.ని జనులు ఎంతగా అలవరచుకొనినారనగా, 2007 జనవరిలో విస్టా వెలువడినను దానివైపు పోవుటకు మనసొప్పలేదు. ఎక్స్.పి. అమ్మకమును 2008 జూన్‌తో చాలింపదలచిన సంస్థ, చిన్న ల్యాప్‌టాప్‌ల కొరకు 2010 వరకు దానిని కొనసాగింపవలసి వచ్చినది. 2009లో వచ్చిన విండోస్ 7 సయితము ఎక్స్.పి.ని వాడుకలో మించుటకు, లెక్కించువారిని బట్టి, 2011 చివరి వరకో 2012 నడిమి వరకో పట్టినది.

అంతవరకైనను మారినవారు ఎట్లు మారినారు? వారిలో పెక్కుమంది వ్యవస్థను మార్చలేదు, యంత్రమునే మార్చినారు. పాత పెట్టె చెడినది, కొత్త పెట్టె కొన్నారు, అందులో ఏది యుండిన అదే వారి వ్యవస్థ అయినది. పనిచేయుచున్న యంత్రములో కేవలము కొత్తదనము కొరకు వ్యవస్థను మార్చుకొనువారు ఎన్నడును కొద్దిమందియే.

తెలుగువారి విషయములో దీనికి మరియొక చిక్కు చేరినది. అది మన లిపి. విండోస్ 98 నాటికి తెలుగును తనంతట తాను సరిగా చూపు నేర్పు ఆ వ్యవస్థకు లేదు. కావున మన అచ్చుపనివారు ఒక ఉపాయమును ఆశ్రయించినారు. ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన స్థానములలో తెలుగు అక్షరపు ముక్కలను, తలకట్టునొక చోట, కొమ్మునొక చోట, వత్తునొక చోట, అమర్చిన ఖతులు పుట్టినవి. ‘అను’ మొదలైన ఖతులు ఈ కోవలోనివే. కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు, తెలుగు వేషము వేసిన ఇంగ్లీషు. అయినను అక్షరము అందముగా పడినది, పేజ్‌మేకర్‌లో చక్కగా ఒదిగినది. పెండ్లి శుభలేఖలు, తిరునాళ్ల కరపత్రములు, పాఠశాలల వార్షిక సంచికలు, స్థానిక కవుల పద్యసంపుటములు ఇరువది ముప్పది యేండ్లుగా ఈ విధముననే కూర్పబడినవి.

ఇంతలో యూనికోడ్ అను సర్వభాషా సంకేతపద్ధతి వచ్చినది. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగునకు అందు స్థానము దక్కినది. ఎక్స్.పి.తో గౌతమి అను తెలుగు ఖతియు వెంట వచ్చినది. విండోస్ 7తో వచ్చిన ఖతి పేరు ‘వాణి’. రేడియో పత్రికలు చదివిన ఇండ్లలో ఆ పేరు వినని వారుండరు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. కొత్త వ్యవస్థ ఉన్నవానికి తెలుగు చదువుట, వ్రాయుట, వెదకుట సుళువైనది. సామాన్యునకు కొత్త వ్యవస్థ వలన నిజమైన మేలు కలిగిన సందర్భము ఒకటి చూపుమన్నచో నేను దీనినే చూపుదును.

కాని అదే సమయమున అచ్చుపనివానికి కీడును పొంచియున్నది. పేజ్‌మేకర్ 7వ కూర్పు 2001లో వెలువడినది, అదియే కడపటిది. విస్టా మొదలుకొని వచ్చిన వ్యవస్థలకు అనుగుణముగా దాని తయారీదారులు దానిని సవరింపలేదు. అరువదినాలుగు బిట్ల విండోస్ వచ్చినపుడు, పూర్వకాలపు పదునారు బిట్ల పనిముట్లు అందులో నడువనే నడువవు. శుభలేఖలు వేయు దుకాణదారును ‘ఎందుకు మారవు?’ అని అడుగుట, టి.ఎం.వి. 2 రైతును అడుగుట వంటిదే. మారిన మరుసటి దినమున అతని ఇరువది యేండ్ల దస్త్రములు తెరపై అర్థము లేని ఇంగ్లీషు గీతలుగా మిగులవచ్చును. 2012 ప్రాంతమున గిడుగు, గురజాడ, సూరన్న, ధూర్జటి, పెద్దన, తిమ్మన మొదలైన పేర్లతో యూనికోడ్ ఖతులు ఉచితముగా వెలువడినవి. పాత ఖతులను యూనికోడ్‌లోనికి మార్చు ఉపకరణములును వచ్చినవి. మార్చిన పిదప ప్రతి పుటను మరల దిద్దవలెను; ఆ దిద్దుబాటు కూలి ఎవరిత్తురు?

ఇక్కడ రేడియో గలవారు ఒక అభ్యంతరము చెప్పవచ్చును. 1963లో కడప ఆకాశవాణి కేంద్రము మొదలైన నాటికి వాల్వు రేడియో కొన్నవాడు, ట్రాన్సిస్టరు వచ్చినదని దానిని పారవేయలేదు. రెండును అదే ప్రసారమును పట్టినవి. కంప్యూటరు మాత్రము ఎందుకు అట్లుండరాదు? ఉండవచ్చును, అది ఒంటరిగా నున్నంతవరకు. రేడియో వినును గాని బదులు పలుకదు. ఇంటర్‌నెట్‌తో కలిసిన కంప్యూటరు వాకిలి తెరచిన ఇల్లు. 2017 మే 12న ‘వన్నాక్రై’ అను హానికర కార్యక్రమము లోకమంతట యంత్రములలోని దస్త్రములకు తాళము వేసి, విడుదలకు సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును దాని వాత బడినవి. విశేషమేమనగా, ఆ రంధ్రమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చియున్నది. దెబ్బతిన్న యంత్రములలో అత్యధికము ఎక్స్.పి.వి కావు, విండోస్ 7వి. వ్యవస్థ ముసలిదగుటకంటె, చేతికందిన సవరణను చేసికొనకపోవుటయే అక్కడ కొంప ముంచినది.

ఎక్స్.పి.కి సంరక్షణ 2014 ఏప్రిల్ 8తో ముగిసినది. అయినను మనము సొమ్ము తీసికొను ఏ.టి.ఎం.లలో అనేకము తరువాతను దానిపైననే నడచినవి. ఇది సామాన్యుని సోమరితనమా? రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో బ్యాంకులకు గడువులు విధించి, సెప్టెంబరుకు నాలుగవ వంతు, డిసెంబరుకు సగము, ఆపై మార్చికి ముప్పాతిక, 2019 జూన్‌కు సమస్తము మార్చవలెనని ఆదేశింపవలసి వచ్చినది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినపుడును ప్రభుత్వపు ఉత్తరువే పని చేసినది. నోటిమాటలో పావలా మాత్రము మరి యెన్నో యేండ్లు చెల్లినది.

అమ్మకందారుకు ఉత్తరువు జారీచేయు అధికారము లేదు గనుక ఇతర మార్గములు త్రొక్కినాడు. 2015లో విండోస్ 10 ఒక సంవత్సరము ఉచితముగా నీయబడినది. మరుసటి యేట ఆ ఆహ్వానపు పెట్టెను మూసివేయు గుర్తును నొక్కినను, మార్పునకు ఏర్పాటు రద్దు కాక జరిగిపోవుచున్నదని అనేకులు మొరపెట్టుకొన్నారు. అది నాకును సమంజసముగా తోచలేదు. 2021లో వచ్చిన విండోస్ 11 దగ్గర కథ తిరుగబడినది. అప్పుడు వాడుకరి మారుదునన్నను, తగిన భద్రతా చిప్పు, కొత్త ప్రాసెసరు లేవని యంత్రమే త్రోసివేయబడినది. దాని వాడుక విండోస్ 10ని మించుటకు 2025 జూలై వరకు పట్టినది. ఆ యేటి అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ సంరక్షణ ముగిసినది. అటుపై, కోరినవారికి ఇంటి వాడుకలో మరి యొక యేడు మాత్రము సవరణలు పొడిగింపబడినవి.

పులివెందుల వంటి ఊళ్లలోని అచ్చుపనివారిలో తెలివిగలవారు ఎవరి బోధయు లేకయే ఒక మార్గము కనుగొన్నారు. ఒక మూల పాత యంత్రము, అందులో ఎక్స్.పి., పేజ్‌మేకర్, దానికి ఇంటర్‌నెట్ తీగ తగిలింపరు. ప్రక్కన కొత్త యంత్రము, ఉత్తరములకు, దరఖాస్తులకు. శుభలేఖ పాతదానిలో కూర్చబడి, పి.డి.ఎఫ్. రూపమున పెన్‌డ్రైవ్‌లో కొత్తదానికి చేరి, అక్కడినుండి పెండ్లివారి ఫోనుకు పోవును.