చూరీ

భిలాయి అనగానే మనవాళ్లు ఉక్కు ఫ్యాక్టరీ సంగతే అడుగుతారు. దాని చరిత్ర రాసేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నాను. నాకు ఈ దేశం అర్థమవడం మొదలైంది గాజులతో.

భిలాయిలోని మరోదాకి కాపరానికొచ్చిన కొత్తలో, అంట్లు తోమే ఆమె పక్కవీధి మనిషి గురించి "చూరీ పహిర్ లిస్" అంది. గాజులు తొడిగించుకుందట. "ఏ రంగువి?" అన్నాను. ఆమె నవ్విన నవ్వుకి చేతిలో పళ్లెం జారింది. మొదటి మొగుణ్ణి వదిలి ఇంకొకడి చేత గాజులు తొడిగించుకుంటే అదే పెళ్లి! పురోహితుడూ లేడు, ఏడడుగులూ లేవు.

మనకి మొగుడు పోతే గాజులు పగలగొట్టడం తెలుసు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో ఒక్క వితంతు వివాహం చేయిస్తే ఎంత గగ్గోలు! ఇక్కడ సత్నామీల్లోనూ, ఇంకా చాలా కులాల్లోనూ గాజుల జతతో ఆ పని కానిచ్చేస్తున్నారు. ఆ మాటకొస్తే, మా శ్రీకాకుళం పల్లెల్లోనూ మారుమనువు ఉండేది. దాన్ని సంస్కరణ అని ఎవరూ అనలేదంతే.

అప్పుడే 1847 నాటి జేన్ ఐర్ నవల మళ్లీ చదువుతున్నాను. రోచెస్టర్‌కి పిచ్చెక్కిన భార్య మేడమీద ఉందని పెళ్లివేళ బయటపడితే, ప్రేమించినవాణ్ణి వదిలి జేన్ పారిపోతుంది. తర్వాత సెయింట్ జాన్ అనే పాదిరీ, మతసేవకి ఇండియా రమ్మంటాడు, పెళ్లాంగా. చెల్లెలిగా అయితేనే వస్తానంటుంది. పాపం, హిందుస్తానీ కూడా నేర్చుకుంది! ఛత్తీస్‌గఢ్‌కే వచ్చి ఉంటే? 1868లో ఆస్కార్ లోర్ అనే జర్మన్ పాదిరీ నిజంగానే బిశ్రాంపూర్‌లో సత్నామీల మధ్య మిషన్ పెట్టాడు. ఆ దొరలకి మింగుడుపడనిది ఈ చూరీయే. జేన్‌ని పారిపోయేలా చేసిన ముడినే ఇక్కడికి ఓడలో మోసుకొచ్చారు.

అలాగని చూరీని నెత్తిన పెట్టుకోలేను. కొత్తవాడు పాతవాడికి పరిహారం కట్టాలి, కులపెద్దలు లెక్క తేల్చాలి. ఆ బేరమంతా మగవాళ్లదే.

జేన్ కథ అంట్లు తోమే ఆమెకీ చెప్పాను. జేన్‌కి తండ్రి తోబుట్టువు ఆస్తి 20,000 పౌన్లు వచ్చిందనీ, తనతో కలిపి నలుగురు పంచుకోగా 5,000 మిగిలాయనీ, చూపుపోయిన రోచెస్టర్‌ని చివరికి తనే వెతుక్కుంటూ వెళ్లి పెళ్లాడిందనీ.

"పెళ్లయ్యాక ఆ డబ్బెవరిది?"

"మొగుడిదే. పెళ్లాం సొమ్ము పూర్తిగా పెళ్లాందే అనే చట్టం వాళ్లకి 1882లో గానీ రాలేదు."

ఆమె గాజులు మోచేతికి ఎగదోసుకుని గిన్నె అందుకుంది. "గుడ్డివాడే కదా దీదీ, లెక్కలు ఆవిడే చూసుకుని ఉంటుందిలే."