నల్లజెండా: ద్రుతమునుండి విలంబమునకు

పాతను ధిక్కరించి పుట్టిన ప్రతి కళాసంప్రదాయమునకు కొంతకాలమునకు ఒక పరీక్ష ఎదురగును. ఆ ధిక్కారమే కొత్త ఆచారమై గట్టిపడినప్పుడు, దానినికూడ కాదనగల ధైర్యము ఆ కళాకారులకు ఉన్నదా? అమెరికాదేశపు హార్డ్‌కోర్ పంక్ సంగీతచరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానముగా నిలిచిన రికార్డు ఒకటి ఉన్నది. అది బ్లాక్ ఫ్లాగ్, అనగా 'నల్లజెండా' అనే బృందము 1984 మార్చిలో వెలువరించిన 'మై వార్'.

లాస్ ఏంజలిస్ సమీపమున సముద్రతీరమందలి హెర్మోసా బీచ్ అనే ఊరిలో 1976లో గ్రెగ్ గిన్ అనే గిటారు వాద్యకారుడు ఈ బృందమును స్థాపించినాడు. అతడు చిన్ననాటనే రేడియో పరికరములను సవరించి అమ్మినవాడనుట మావంటి రేడియో ఉద్యోగులకు ఆసక్తి కలిగించు విషయము. 'సాలిడ్ స్టేట్ ట్రాన్స్‌మిటర్స్' అనే ఆ వ్యాపారపు పేరులోని మొదటి అక్షరములే తరువాత అతని రికార్డుల సంస్థకు 'ఎస్.ఎస్.టి.' అను పేరైనవి.

హార్డ్‌కోర్ అనగా పంక్ సంగీతమును మరింత కుదించి, మరింత వేగపరచిన శైలి. ఈ బృందపు తొలి రికార్డులోని నాలుగు పాటలును కలిసి అయిదు నిమిషములకు కొంచెము మించును. విస్తరణ లేదు, అలంకారము లేదు. ఒక అరుపు, ఒక దెబ్బ, అంతటితో సమాప్తి. 1981లో గాయకుడుగా హెన్రీ రోలిన్స్ చేరిన పిమ్మట వచ్చిన 'డామేజ్డ్' ఈ శైలికి ఒరవడి అయినది.

ఆ రికార్డు విషయమై యూనికార్న్ అనే సంస్థతో వ్యాజ్యము ఏర్పడినది. బృందము తన పేరుతో కొత్త రికార్డులు వెలువరించరాదని న్యాయస్థానము నిషేధించినది. 1982లో పేరు లేకుండ పాత ధ్వనిముద్రణలను వెలువరించినందుకు గిన్, అతని సహచరుడు చక్ డుకౌస్కీ కొద్దిరోజులు కారాగారవాసము కూడ చేసినారు. 1983 చివర యూనికార్న్ దివాలా తీయుటతో ఆ కట్టు తెగినది.

బయటి లోకమునకు రెండేండ్ల మౌనమైన ఆ కాలము లోపల సాధనకాలమైనది. మిక్కిలి వేగముగా వాయించుటకు అలవాటుపడిన డ్రమ్ముల వాద్యకారుడు బిల్ స్టీవెన్సన్ చేత గిన్ పాటలను నెమ్మదిగా వాయింపజేసినాడు. ద్రుతములో దాగిన లోపము విలంబములో దాగదని మన సంగీత విద్యార్థులు కూడ ఎరుగుదురు. అప్పటికి డుకౌస్కీ వాద్యమునుండి తప్పుకొన్నందున బేస్ గిటారును కూడ గిన్ తానే, 'డేల్ నిక్సన్' అను మారుపేరుతో వాయించినాడు.

'మై వార్' మొదటి వైపున ఆరు పాటలు ఉన్నవి, వేగము పాతదే. రెండవ వైపున మూడే పాటలు. ఒక్కొక్కటి ఆరు నిమిషములకు పైబడినది. అయినను రెండు వైపుల నిడివి ఇంచుమించు సమానము. బరువైన ఒకే గిటారు పలుకు మరల మరల వచ్చును. బ్రిటన్ బృందమైన బ్లాక్ సాబత్ ఛాయ అందు వినవచ్చును. పరుగు ఆగినందువల్ల రోలిన్స్ కంఠము దాగుటకు చోటు లేక, వేదన పూర్తిగా బయటపడును.

అభిమానులు పెక్కురు దీనిని మెచ్చలేదు. గెంతుటకు, తోసుకొనుటకు వచ్చినవారికి నిలబడి వినవలసిన పాట ద్రోహముగా కనిపించినది. వాద్యకారులు జుట్టు పెంచుటను కూడ కొందరు తప్పుపట్టినారు. కట్టుబాట్లను కాదన్న సమాజమే జుట్టుకు, లయకు కట్టుబాటు విధించుట విచారింపదగిన విషయము.

ఫలితము మరొకచోట కనబడినది. వాషింగ్టన్ రాష్ట్రములోని మెల్విన్స్ బృందము ఈ ప్రభావముతో తన వేగమును తగ్గించుకొన్నది. అక్కడివాడే అయి, నిర్వాణ బృందముతో ప్రసిద్ధుడైన కర్ట్ కోబెయిన్ తనకు ప్రియమైన ఏబది రికార్డుల పట్టికలో 'మై వార్'ను చేర్చినాడు. బ్లాక్ ఫ్లాగ్ 1985లో గానమే లేని వాద్యసంగీతపు రికార్డు ఒకటి వెలువరించి, 1986లో విడిపోయినది. తరువాతి కాలమున మరల కూడినను, ఆనాటి వాద్యబృందము తిరిగి రాలేదు.

వేగము తగ్గించుట లొంగిపోవుట కాదని ఆ మూడు పాటలు నిరూపించినవని మా అభిప్రాయము. శత్రువును ఎదిరించుటకు కావలసిన సాహసము ఒకటి. తన్ను మెచ్చినవారి కోరికను కాదనుటకు కావలసినది వేరొకటి. రెండవదే అరుదు.