కాలవ గట్టు మీద కాలు అందాలి

కొనబోయేదాన్ని ముందు నడిపి చూడటం కోనసీమకు ఎవరో వచ్చి నేర్పిన అలవాటు కాదు. సంతలో ఎద్దును బేరమాడే రైతు పళ్లు పట్టి చూసేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు, అమ్మేవాడు ఒప్పుకుంటే మెడమీద కాడి వేసి మరీ చూసేవాడు. ఎద్దు మంచిదా కాదా అన్నది ఒక్కటే కాదు, తన చేలో, తన చేతికింద అది పని చేస్తుందా అన్నది కూడా అక్కడే తేల్చుకునేవాడు. మోటారు సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటు ముప్పయ్యేళ్లపాటు తెగిపోయింది. తర్వాత టెస్ట్ రైడ్ అనే పేరుతో తిరిగి వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. బండి మంచిదో కాదో చూపించే భాగం వచ్చింది. ఈ నేల మీద, ఈ మనిషి చేతిలో అది నిలబడుతుందా అని తేల్చే భాగం రాలేదు. దానివల్ల ఎక్కువ నష్టపోతున్నది పొట్టిగా ఉన్నవాళ్లు, అందులోనూ బలమైన స్పోర్ట్స్ బండి మీద మనసు పడినవాళ్లు. ‘నీకు కాళ్లందవు’ అని ఒక్క మాటతో వాళ్లను పక్కన పెట్టేయడం అన్యాయం. ఆ ఇబ్బందికి కారణాలు సగం కోనసీమ దారుల చరిత్రలో ఉన్నాయి, సగం బళ్ల అమ్మకం చరిత్రలో ఉన్నాయి.

ముందు దారుల సంగతి చూద్దాం. గౌతమికీ వసిష్ఠకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల కోనసీమ. నడుమ వైనతేయ దాన్ని మళ్లీ చీలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇంజనీరు కాటన్ పథకంలో తవ్విన కాలవలు సాగునీటితో పాటు పడవలనూ మోశాయి. గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్టు కాలవనే నది మీదుగా దాటించి రాజోలు వైపు నీళ్లిచ్చింది. సరుకంతా పడవల్లో సాగిన రోజుల్లో కాలవ గట్టు మనిషి నడిచే దారి, పడవను తాడు కట్టి లాగే దారి. పడవలు తగ్గి బస్సులు వచ్చాక అలాంటి గట్లలో చాలావాటి మీదే రోడ్డు పడింది. రైలు ఈ నేల మీదికి రానేలేదు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన లైను గౌతమి అవతలే ఆగింది. 1940లో యుద్ధ అవసరాలకని ఆ పట్టాలు కూడా పీకేశారు, మళ్లీ అక్కడ రైలు కూసింది 2004లో. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి మంజూరైన లైను పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. యానాం–ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి 2002లో తెరిచేదాకా అక్కడ గౌతమిని పంటు మీదే, అంటే బళ్లను కూడా దాటించే పడవ మీదే దాటాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి బళ్లు ఇప్పటికీ పంటెక్కి వెళ్తూనే ఉన్నాయి.

ఈ చరిత్ర మిగిల్చిన దారి ఆకారమే మన విషయానికి ముఖ్యం. గట్టు రోడ్డుకు ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరిచేను గానీ కొబ్బరితోట గానీ. రెండూ రోడ్డు కన్నా పల్లమే. నడిమధ్య కాస్త ఎత్తు, అంచులకు వాలు, తారు అయిపోయిన చోట ఒండ్రుమట్టి. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరో, స్కూలు బస్సో వస్తే బండివాడు అంచుకు దిగి ఆగాలి. ఆగినప్పుడు కాలు పెట్టే చోటు, టైరు ఉన్న చోటు కన్నా రెండు మూడంగుళాలు కిందికి ఉంటుంది. చదును రోడ్డు మీద మునివేళ్లు ఆనే మనిషికి ఇక్కడ అవి కూడా ఆనవు. ఇదే బండి హైదరాబాద్ సిగ్నల్ దగ్గర ఏ బాధా లేకుండా ఆగుతుంది.

ఇక బళ్ల సంగతి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వచ్చింది, 1961లో మైసూరులో జావా తయారీ మొదలైంది, ఆ వెంటనే ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ వచ్చింది. లైసెన్సుల రాజ్యంలో కంపెనీ ఎన్ని బళ్లు చేయాలో ప్రభుత్వమే తేల్చేది. బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు దేశమంతా ఉన్నాయి. అలాంటప్పుడు ‘ఒకసారి నడిపి చూస్తాను’ అని అడిగే కొనుగోలుదారు ఎవరు? వరుసలో తన వంతు రావడమే అతనికి గొప్ప. సంతలో ఎద్దును తిప్పి చూసే రైతు, షోరూములో మాత్రం ఇచ్చిన బండి ఇచ్చినట్టు తెచ్చుకున్నాడు. తెగిపోయిన అలవాటు అని నేనంటున్నది దీన్నే. అది జనం మరిచిపోవడం వల్ల తెగలేదు, సరుకు కరువు వల్ల తెగింది.

అయితే ఆ కాలపు బళ్లు పొట్టివాళ్లను మరో చోట పరీక్షించాయి. అప్పటి గడప సీటు కాదు, కిక్కు. పాత బుల్లెట్టు స్టార్టు చేయడం చూసినవాళ్లకు ఆ పద్ధతి గుర్తుంటుంది. కిక్కు రాడ్డును నెమ్మదిగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగాలి, చేతికింది డీకంప్రెసర్ లివరు నొక్కి పిస్టను కొంచెం దాటించాలి, రాడ్డును పైకి రానిచ్చి అప్పుడు ఒక్క ఊపున తొక్కాలి. క్రమం తప్పితే రాడ్డు ఎదురు తన్నుతుంది, ఎనభై కిలోల మనిషినైనా సరే. క్రమం తెలిస్తే యాభై కిలోల మనిషికీ ఇంజను లేస్తుంది. జావా, ఎజ్డీల్లో గేరు రాడ్డే కిక్కు రాడ్డు. దాన్ని వెనక్కి తిప్పి తొక్కడం మరో విద్య. ఈ విద్యలను పుస్తకంలో చదివి ఎవరూ నేర్చుకోలేదు. పక్కన మెకానిక్కో, బావో, అన్నయ్యో నిలబడి సొంత వీధిలోనే నేర్పారు. ఒళ్లు చాలనిచోట పద్ధతి పనికొచ్చిందని ఆ తరం రుజువు చేసింది. ఆ పద్ధతి బండి తిరిగే నేల మీదే అబ్బింది.

1984 నుంచి 1986 దాకా జపాను కంపెనీల పొత్తుతో ఇండ్ సుజుకి, హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100, కవాసకి బజాజ్ వచ్చాయి. ఆ కొన్నేళ్లను పొట్టి రైడర్లకు స్వర్ణయుగం అనడానికి నాకు సందేహం లేదు. ఆర్‌ఎక్స్ 100 బరువు వంద కిలోలు దాటీ దాటనంత, బలం 11 హార్స్‌పవర్. బరువుకు బలాన్ని పోల్చి చూస్తే అది నిజంగా చురుకైన బండి. వాలు మీద ఒరిగినా తొడతో ఆపగలిగేంత తేలిక. 1970ల్లోనే రాజ్‌దూత్ వాళ్లు 175 సీసీ ఇంజనును చిన్న చక్రాల పొట్టి చట్రంలో పెట్టి జీటీఎస్ అని తెచ్చారు. సినిమా పుణ్యమా అని అది ‘బాబీ’ బండిగా జనం నోట నిలిచింది. అంటే ఇంజను బలానికీ సీటు ఎత్తుకూ విడదీయరాని ముడి ఏదీ లేదు.

ముడి తర్వాత పడింది. 2001లో పల్సర్, 2003లో కరిజ్మా, 2008లో యమహా ఆర్15, 2012లో కేటీఎం డ్యూక్ వచ్చేసరికి కుర్రాళ్ల కోరిక రేసు బండి ఆకారానికి మళ్లింది. మలుపులో బండి బాగా ఒరగాలంటే ఫుట్‌రెస్టులు నేలకు తగలకూడదు, కాబట్టి అవి పైకి వెళ్లాయి, వాటితో సీటూ వెళ్లింది. బరువు ముందు చక్రం మీద పడాలని తోకభాగం లేపారు. మొదటి ఆర్15 సీటు 790 మిల్లీమీటర్లు ఉండేది. 2018లో వచ్చిన మూడో తరంలో 815 అయింది. లీటరు ఇంజను బళ్లలో కవాసకి జెడ్‌ఎక్స్-10ఆర్ 835, యమహా ఆర్1 855. మన దేశంలో మగవారి సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు, ఆడవారిది సుమారు 152. 165 సెంటీమీటర్ల మనిషికి లోపలి కాలి పొడవు 76 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 815 మిల్లీమీటర్ల సీటు మీద కూర్చుంటే సస్పెన్షన్ కుంగి రెండు మూడు సెంటీమీటర్లు, బూటు మడమ మరో రెండు మూడు కలిసొస్తాయి. సీటు వెడల్పు తొడలను విడదీసి అందులో కొంత లాగేసుకుంటుంది. చివరికి నేలకు ఆనేది పాదం ముందు భాగమే. ఇది ఎవరో మరీ పొట్టివాడి లెక్క కాదు, సగటు మనిషి లెక్క. సగటు ఆడపిల్లకైతే ఆ కాస్తా లేదు. సీటు ఎత్తు ఒక్కటే చూసినా మోసపోతాం: సుజుకి హయబుసా సీటు 800 మిల్లీమీటర్లే, కానీ బండి 260 కిలోలు దాటుతుంది, నడుమూ వెడల్పే. కాగితం మీది అంకె ఏ ఒక్కటీ జవాబు చెప్పదు, ఎక్కి చూడాల్సిందే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ఎత్తు అసలు అడ్డే కాదని, చేతకానివాళ్లే కాళ్లందవని సాకు చెబుతారని. దానికి సాక్ష్యంగా రేసరు డానీ పెడ్రోసాను చూపిస్తారు. సుమారు 160 సెంటీమీటర్ల మనిషి, ఒళ్లు యాభై కిలోల చిల్లర. రెండు వందలకు పైగా హార్స్‌పవర్ ఉన్న రేసు బండి మీద మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు, 2007, 2010, 2012ల్లో ప్రపంచ పోటీలో రెండో స్థానంలో నిలిచాడు. సాక్ష్యం నిజమే. కానీ అది రుజువు చేసేదేమిటి? నడుస్తున్న బండికి రైడరు ఎత్తుతో పని లేదని. పెడ్రోసా బండి పిట్‌లో స్టాండు మీద ఉంటుంది, గ్రిడ్ మీద చుట్టూ మెకానిక్కులు ఉంటారు, ట్రాకు అంచున కాలవ ఉండదు, ఎదురుగా ట్రాక్టరు రాదు. పొట్టి రైడరుకు కష్టం ఆగడంలో, కదలడం మొదలెట్టడంలో, తోసుకుంటూ వెనక్కి తిప్పుకోవడంలో. పెడ్రోసా నా వాదనకు అడ్డు కాదు, బలం.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞులది: రెండు కాళ్లూ ఆనక్కర్లేదు, ఒక్క కాలు చాలు, తుంటిని కాస్త జరిపి ఎడమ పాదం పూర్తిగా దించి, కుడి పాదాన్ని బ్రేకు మీద ఉంచాలి అని. సరైన మాట. దీన్ని ఒప్పుకుంటూనే ఒకటి అడుగుతాను: గట్టు మీద ఆ కాలు ఏ పక్కకు దించాలి? ఎడమ పక్కకు వాలు ఉంటే అలవాటైన ఎడమ కాలే మోసం చేస్తుంది; ఆగకముందే రోడ్డు మధ్యకు, మెరకవైపుకు బండిని తేవడం నేర్చుకోవాలి. పంటు మీద ఇంకో లెక్క. ఇనప రేకు తడిసి జారుతుంది, ఎక్కేటప్పుడు వాలు, ఎక్కాక ముందు బండికీ వెనక బండికీ మధ్య జానెడు సందు, కింద నీటితో పాటు ఊగే అడుగు. ఒంటికాలి మీద నిలబెట్టడం అక్కడ సాధ్యమా కాదా అన్నది అక్కడే తేలుతుంది. బండినే కిందికి దించేస్తే సరిపోతుందనే సలహా గురించి ఎక్కువ చెప్పను. వెనక సస్పెన్షన్ లింకు మార్చి తగ్గిస్తే మలుపు గుణం మారుతుంది, పొట్ట స్పీడు బ్రేకర్లకు గీసుకుంటుంది, సైడు స్టాండు పొడవెక్కువై బండి నిటారుగా నిలిచి చిన్న గాలికే అటు పడుతుంది. సీటు ఫోము కొంత కోయించడం, మందం అట్ట బూటు వేసుకోవడం, కంపెనీ ఇచ్చే తక్కువ ఎత్తు సీటు ఉంటే అడగడం మేలు.

అసలు ఈ నేలకు అంత బలమైన బండి ఎందుకని పెద్దలు అడుగుతారు. కుర్రాళ్ల ప్రాణాలు పోతున్నాయన్న బాధ ఆ ప్రశ్నలో ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ 216 నంబరు జాతీయ రహదారి అమలాపురం, రాజోలు మీదుగానే పోతుంది. రావులపాలెం దగ్గర పెద్ద హైవే ఎక్కితే విశాఖ ఒక చేతి వైపు, విజయవాడ ఇంకో చేతి వైపు. గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బుతో కొడుకు బండి కొంటున్నప్పుడు వద్దనే పెద్దమాట పనిచేయదు, సరిగ్గా చూసి కొను అనే మాట పనిచేస్తుంది. నిలబెట్టలేని బండిని కొన్నాక నేర్చుకోవడం కన్నా కొనకముందు తెలుసుకోవడం ప్రాణానికీ డబ్బుకూ మంచిది.

డీలర్ల భయం కూడా న్యాయమైనదే. ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు ఉన్న బండి నిలబడి ఉండగా ఒరిగినా వేలల్లో నష్టం. అందుకే షోరూము ముందు చదును రోడ్డు మీద అయిదు నిమిషాలు తిప్పి, వెనక ఒక కుర్రాణ్ని ఎక్కించి పంపి, అంతటితో టెస్ట్ రైడ్ అయిందంటారు. పొట్టి మనిషి అడిగితే కొన్నిచోట్ల అదీ లేదు. కానీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 41వ నియమం, ట్రేడ్ సర్టిఫికెట్ ఉన్న బండిని కొనబోయేవాడికి తగిన ట్రయల్ చూపించడానికి, అతను దాన్ని ఉంచుకోబోయే చోటుకు తీసుకెళ్లి రావడానికి వాడొచ్చని స్పష్టంగా చెబుతోంది. లైసెన్సు, హెల్మెట్, బీమా ఉన్న డెమో బండి ఉంటే ఇక అడ్డేమిటి? మొదట స్టాండు మీద ఎక్కించండి, తర్వాత ఇంజను ఆపి పక్కన మనిషితో తోయించండి, వెనక్కి తిప్పించండి, ఆ తర్వాతే చదునులో నడపనివ్వండి, చివరికి గట్టు మీద ఒకసారి ఆపించండి. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఏ షోరూము నుంచైనా కాలవ గట్టు ఎంతో దూరం కాదు.

పొట్టిగా ఉన్న కొనుగోలుదారుకు నేను చెప్పేది ఇంతే. రోజూ వేసుకునే చెప్పులతో కాదు, బండి మీద వేసుకోబోయే బూట్లతో వెళ్లండి. సీటు ఎత్తు అంకె చదివి వెనక్కి రాకండి, చదును రోడ్డు మీద అయిదు నిమిషాలకే అడ్వాన్సు కట్టేయకండి. మా ఊరి గట్టు దాకా తీసుకెళ్లనివ్వమని అడగండి. ఆ అనుమతి నియమాల్లో 1989 నుంచీ ఉంది.