గ్లాసెడు మంచినీళ్లు

వియన్నా. ఎండలు మండిపోతున్న రోజులు. నాలుక పిడచకట్టుకుపోతుంటే ఆ అమ్మాయి గ్లాసు అందుకుంటుంది. పెదవికి తగలగానే నెట్టేస్తుంది. ఎందుకో తనకే తెలీదు. ఆరు వారాలుగా ఇదే వరస. కర్బూజా లాంటి పళ్లతోనే ప్రాణం నిలబెట్టుకుంటోంది.

1880 వేసవిలో నాన్న మంచం పట్టినప్పుడు రాత్రిళ్లు మేలుకుని సేవ చేసింది. ఆ రోజుల్లోనే మొదలైంది అంతా. దగ్గు పట్టుకుంది. కుడిచెయ్యి స్వాధీనం తప్పింది. ఒక దశలో మాతృభాష జర్మన్ నోటికి రాకుండా పోయి, ఇంగ్లీషొక్కటే మిగిలింది. 1881 ఏప్రిల్లో నాన్న పోయాడు.

డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ వచ్చి కూర్చునేవాడు. హిప్నాసిస్‌లో ఆమె చెబుతుంటే వినేవాడు. ఒకసారి అలాగే, తనకు తోడుగా ఉండే ఇంగ్లీషావిడ మీద సణగడం మొదలెట్టింది. తను ఆవిడ గదిలోకి వెళ్లేసరికి ఆవిడ కుక్కపిల్ల గ్లాసులో మూతిపెట్టి నీళ్లు తాగుతోందట. కడుపులో తిప్పింది. మర్యాద కాదని నోరు మెదపలేదు. మింగేసిన ఆ కోపమంతా ఇప్పుడు కక్కేసింది. మంచినీళ్లడిగింది. గటగటా తాగింది. మెలకువ వచ్చేసరికి గ్లాసు పెదవుల దగ్గరే ఉంది.

ఈ పద్ధతికి 'టాకింగ్ క్యూర్', అంటే మాటలతో వైద్యం, అని పేరు పెట్టింది ఆమే. సరదాగా 'చిమ్నీ స్వీపింగ్' అనేది, పొగగొట్టంలో మసి దులపడమన్నమాట. బ్రాయర్ ఈ సంగతి తోటి డాక్టర్ ఫ్రాయిడ్‌కి చెప్పాడు. ఫ్రాయిడ్ తర్వాత హిప్నాసిస్ వదిలేసి, మనసుకు తోచింది తోచినట్టు చెప్పమన్నాడు. నేటి థెరపిస్టు గదిలో తొందరపెట్టకుండా వినే ఆ ఓపికకు మూలం అక్కడుంది.

1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ప్రచురించిన పుస్తకంలో ఆమె 'అన్నా ఓ'. కోలుకోవడానికి చాలాకాలం పట్టిందని ఒక ముక్క రాసి, ఆపైన సంపూర్ణ ఆరోగ్యం అనేశారు. అది చదివితే నాకు కడుపు తరుక్కుపోతుంది. చికిత్స ముగిసిన మరుసటి నెల, 1882 జూలైలో, ఆమె స్విట్జర్లాండ్‌లో ఒక శానటోరియంలో చేరింది. ముఖంలో నరాల నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ అప్పటికే వ్యసనమైంది. ఆ మాట పుస్తకంలో లేదు. ఒక్క కథ చెప్పుకోగానే మనిషి బాగైపోడు. ఇంకా బాధపడుతున్నవాళ్లను నయమైనవాళ్ల లెక్కలో రాయడం అన్యాయం.

ఆమె లేచి నిలబడటానికి ఏళ్లు పట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అనాథాశ్రమం నడిపింది. 1904లో జర్మనీ యూదు మహిళల సంఘం స్థాపించింది. 1907లో పెళ్లికాని తల్లులకూ బిడ్డలకూ ఆశ్రయం కట్టింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

ఇకమీదట ఎక్కడైనా 'అన్నా ఓ' అని కనిపిస్తే, ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్ అని గుర్తుపెట్టుకోండి.