దేశం పోయినా నిలిచిన రాయబారులు

రాయబార కార్యాలయం అనగానే మన కుటుంబాలకు గుర్తొచ్చేవి పాస్‌పోర్టు రెన్యూవలు, వీసా ముద్ర, ఆగస్టు పదిహేనున జెండా వందనం. వెనుక ఒక ప్రభుత్వం ఉన్నది కనుక ఆ ముద్రకు విలువ ఉన్నదని మనం అనుకుంటాం. ప్రభుత్వమే లేకుండా యాభై ఏళ్ళు ఆ ముద్ర చెల్లిన ఉదంతం ఒకటి చరిత్రలో ఉన్నది.

బాల్టిక్ సముద్రతీరాన ఉన్న ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. 1940 జూన్‌లో సోవియట్ సైన్యం ఈ మూడు చిన్న దేశాలనూ ఆక్రమించింది. ఆగస్టులో అవి సోవియట్ యూనియన్‌లో కలిపివేయబడ్డాయి. విదేశాల్లోని వాటి రాయబారులను తిరిగి రమ్మని ఉత్తర్వులు వెళ్ళాయి. పలువురు వెళ్ళలేదు.

స్వీడన్ తన దేశంలోని ఆ కార్యాలయ భవనాలను సోవియట్ వారికి అప్పగించింది. అమెరికా ఒప్పుకోలేదు. జూలై 15న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తమ దేశంలో ఉన్న ఆ మూడు దేశాల ధనాన్ని ఎవరూ కదిలించకుండా కట్టడి చేశాడు. 23న విదేశాంగ శాఖ తరఫున సమ్నర్ వెల్స్ ఈ ఆక్రమణను ఖండిస్తూ ప్రకటన చేశాడు. లాట్వియా, లిథువేనియా రాయబార కార్యాలయాలు వాషింగ్టన్‌లో ఆ ధనంతోనే నడిచాయి.

ఎస్టోనియాకు న్యూయార్క్‌లోని కాన్సల్ కార్యాలయమే దిక్కయింది. 1944లో పడవలెక్కి పారిపోయిన శరణార్థులకు, వారి పిల్లలకు అక్కడినుంచే పాస్‌పోర్టులు అందేవి. కొత్తవారిని నియమించడానికి స్వదేశంలో ప్రభుత్వం లేదు, ఉన్నవారేమో ముసలివారవుతున్నారు. యోహానెస్ కైవ్ 1965లో మరణించగా, 1930ల నుంచీ అక్కడే పనిచేస్తున్న ఎర్న్‌స్ట్ యాక్సన్ బాధ్యత తీసుకున్నాడు. గెలుస్తామన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఆయన కార్యాలయం మాత్రం మూయలేదు.

1991 ఆగస్టులో ఎస్టోనియా స్వాతంత్ర్యాన్ని పునరుద్ధరించుకున్నప్పుడు తమది కొత్త దేశం కాదనీ, 1918 నాటిదేననీ చెప్పుకోగలిగింది. ఆ వాదానికి ఈ కార్యాలయం బలమైన సాక్ష్యం. ఎనభై ఆరేళ్ళ యాక్సన్ అమెరికాలో తన దేశ రాయబారి అయ్యాడు.

ఈ వాదానికి మరోవైపు కూడా ఉన్నది. ఎస్టోనియా, లాట్వియాలలో 1940కి ముందరి పౌరులకు, వారి సంతతికి పౌరసత్వం తనంతట వచ్చింది. యుద్ధం తరువాత వచ్చి స్థిరపడిన రష్యన్ భాషీయులలో లక్షలాది మందికి అలా రాలేదు. ఒకరికి హక్కు కాపాడిన కాగితమే మరొకరిని గుమ్మం బయట నిలబెట్టింది.

మన వెనుక పెద్ద దేశమే ఉన్నది. కార్యాలయం ఆలస్యం చేస్తే విసుక్కునే వెసులుబాటూ మనకున్నది. ఈసారి పిల్లలను వెంటబెట్టుకుని ఆ వరుసలో నిలబడినప్పుడు, కాలం గడవడానికి యాక్సన్ కథ చెబుదాం.