రిజిస్టరులో పుట్టిన నేరం

విజయవాడలో మద్రాసు వైపు రైలెక్కితే తెనాలి దాటాక చుండూరు, బాపట్ల దాటాక స్టువర్టుపురం వస్తాయి. 2020లో మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక అమెరికా వీధుల్లో ఒక ప్రశ్న లేచింది: పోలీసు వ్యవస్థను బాగుచేయాలా, రద్దు చేయాలా? మన వరకు దానికి జవాబు వెతుక్కోవలసింది ఈ రెండు ఊళ్లలోనే. పోలీసు దొంగను పట్టుకోవడంతో ఆగడు, కొన్ని కులాలకు కులాలనే దొంగలుగా రాసిపెడతాడు. ఆ రాతకు కూలి అవసరం తోడవుతుంది. ఇదే నా వాదన.

ఎరుకలవారు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పును మెట్ట ఊళ్లకు, అక్కడి ధాన్యాన్ని ఇటు చేరవేసి బతికినవాళ్లు. సర్కారు ఉప్పు గుత్తా ఆ వ్యాపారాన్ని నలిపింది, రైలు మిగిలినదాన్ని ఊడ్చేసింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లు సర్కారు కంటికి అనుమానితులయ్యారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర వాళ్లను ఉంచే సెటిల్మెంటు వెలిసింది, అదే స్టువర్టుపురం. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. వేలిముద్ర వేయాలి, హాజరు పలకాలి, చీటీ లేనిదే పొలిమేర దాటకూడదు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి ఈ సెటిల్మెంటు నుంచే కూలీలు వెళ్లారు. సంస్కరణ అన్న మాట కింద దొరికింది పారిపోలేని కూలీ. అంతర్యుద్ధం ముగిశాక అమెరికా దక్షిణ రాష్ట్రాలు 1865-66లో నల్లవారి మీద తెచ్చిన చట్టాలదీ ఇదే దారి: పనిలేనివాడు దిమ్మరి, దిమ్మరితనం నేరం, శిక్ష మళ్లీ చాకిరీ. జాతి వివక్షను కూలి నుంచి విడదీసి చూడొద్దని సోషలిస్టులు అనేది ఇందుకే.

కూలి ఒక్కటే కారణమైతే ఫ్యాక్టరీ అవసరం తీరాక మచ్చ కూడా చెరిగిపోవాలి. చెరగలేదు. ఇక్కడ కులాన్ని లెక్కలోకి తీసుకోని వర్గ విశ్లేషణ సగంలో ఆగిపోతుంది. 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది, 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. కులం పేరు చట్టంలోంచి పోయినా పోలీసు చూపులోంచి పోలేదు. 1991లో స్టువర్టుపురం పేరు సినిమా టైటిల్‌కెక్కింది. అక్కడ దొంగలు లేరా అంటారు. ఉన్నారు. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి వెళ్లిన లవణం, హేమలతా లవణం 1970ల్లో వాళ్ల మధ్యే పనిచేశారు, దొంగతనం మాన్పించడానికి మనిషిని మనిషిగా చూసి మొదలుపెట్టారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం చుండూరుది: పోలీసు లేకపోతే దళితుణ్ణి కాపాడేదెవరు? 1991 ఆగస్టు 6న ఊళ్లో పోలీసులు ఉండగానే 8 మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. అయినా బాధితులు దర్యాప్తునూ కోర్టునూ వదులుకోలేదు, మనమూ వదులుకోకూడదు. రద్దు కావలసింది పుట్టుకను బట్టి నిఘా పెట్టే అధికారం. ఒకప్పటి నేరస్థ జాతులైన విముక్త జాతులవారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది 2024 అక్టోబరు 3న.