వృద్ధుల సంరక్షణ: రెండు శాఖల నడుమ

ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఇంగ్లండునందు, పేదల శాసనము క్రింద ఏర్పడిన ఆసుపత్రులలో వేలకొలది వృద్ధులు ఏండ్ల తరబడి మంచములపైనే పడియుండిరి. వారి రోగమేదో శ్రద్ధగా పరీక్షించిన వారరుదు. ముసలితనమునకు మందు లేదనుట నాటివారి సామాన్యాభిప్రాయము.

1935లో లండను సమీపమునగల వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, ప్రక్కనున్న అట్టి ఆసుపత్రినొకదానిని తనలో చేర్చుకొనెను. అందలి 714 మంది రోగుల బాధ్యత డాక్టరు మార్జరీ వారెన్‌పై బడెను. ఆమె ఒక్కొక్కరిని విడిగా పరీక్షించి, వారి అవసరములనుబట్టి తరగతులుగా విభజించెను. కదలక పడియుండినచో కండరములు క్షీణించును, కీళ్లు బిగిసిపోవును, ఒత్తిడి తగిలినచోట పుండ్లు పడును. అనగా ముసలితనమని తలచినదానిలో కొంత భాగము పడకవలన కలిగినదే. వ్యాయామముతోను, తగిన చికిత్సతోను పలువురు లేచి నడిచిరి. కొందరు ఇండ్లకు మరలిరి. వైద్యుడు, నర్సు, వ్యాయామ చికిత్సకులు, సంఘ సేవకులు కలిసి ఒకే రోగిని గూర్చి ఆలోచింపవలెనని 1943, 1946లలో ప్రకటించిన వ్యాసములలో ఆమె వాదించెను.

కాని శాసనము ఆ పనిని రెండుగా చీల్చెను. 1948 జూలై 5న రెండు చట్టములు ఒకేసారి అమలులోనికి వచ్చెను. ఆసుపత్రులు జాతీయ ఆరోగ్య సేవకు చెందెను. అచట చికిత్స ఉచితము. వృద్ధాశ్రమములు స్థానిక ప్రభుత్వములకు చెందెను. అచట శక్తికొలది రుసుము చెల్లింపవలెను. తుంటి యెముక విరిగి, అతికిన పిమ్మట తనంతట లేవజాలని ఒక ముసలమ్మను ఊహింపుడు. చికిత్స ముగిసినదని ఆసుపత్రివారందురు. ఇంకను నర్సు కావలెనని ఆశ్రమమువారందురు. ఇద్దరి మాటయు నిజమే; ఆమెకు చోటు మాత్రము దొరకదు.

ఈ లోపమును సవరించుటకు ప్రయత్నములు పెక్కు జరిగెను. 1974లో అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము ఉభయ శాఖలును ఉమ్మడి సంప్రదింపు సంఘములు ఏర్పరచుకొనవలసి వచ్చెను. 1976 నుండి ఉమ్మడి పనులకు ఆరోగ్య నిధులలో కొంత కేటాయించిరి. 1990 చట్టము, ఎవరికేమి కావలెనో అంచనా వేయు బాధ్యతను స్థానిక ప్రభుత్వములకు అప్పగించెను. 2022లో ప్రాంతమునకొక సమగ్ర సంరక్షణ మండలి ఏర్పడెను.

అయినను వైద్యము ఉచితముగను, సంరక్షణ ఆదాయమును, ఆస్తినిబట్టియు లభించు భేదము ఇంగ్లండులో నేటికిని తొలగలేదు. సంఘములు కలిసినను, నిధులు వేరైనంతకాలము, ఆసుపత్రి విడుచు వృద్ధుని భారమెవరిదను ప్రశ్న మరల మరల తలయెత్తుచునే యున్నది.